జీ కార్డ్ పడితే చాలు బుమ్మని మోత: గిటార్‌కి మైక్ మార్చాలా, చోటు మార్చాలా?

బొడ్రాయి_బీట్స్ (హన్మకొండ):

అందరికీ నమస్తే. మా దోస్తు జానపదాలు పాడతాడు, నేను అకూస్టిక్ గిటార్ వాయిస్తా, కలిపి యూట్యూబ్‌లో పెడుతుంటాం. డప్పు, గొంతు స్టూడియోలో రికార్డు చేయించుకుంటున్నాం కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. గిటార్ మాత్రం నయీంనగర్‌లో మా ఇంటి పై అంతస్తు గదిలో నేనే చేసుకుంటున్నా, తలనొప్పంతా దానితోనే.

విషయం ఏంటంటే, వాయిస్తున్నప్పుడు చెవికి హాయిగా ఉండే గిటార్ రికార్డు చేసి వినేసరికి బుమ్ బుమ్ అంటోంది. ముఖ్యంగా జీ కార్డ్ పడ్డప్పుడల్లా కింది నుంచి ఒక మోత లేస్తోంది. సీకి, డీకి అంత ఉండదు. ఈక్యూలో బేస్ తగ్గిస్తే మోత పోతుంది, దాంతో పాటు గిటార్ కూడా పోతుంది, పీలగా ఏదో మిగులుతుంది.

నా దగ్గరున్నవి: డ్రెడ్‌నాట్ సైజు (పెద్ద డొల్ల ఉన్న) గిటార్, పెద్ద డయాఫ్రమ్ (శబ్దానికి కదిలే పొర) ఉన్న కండెన్సర్ మైక్ ఒకటి (కార్డియాయిడ్, అంటే ముందు వైపు ఎక్కువ, వెనక వైపు తక్కువ వినేది), మైకుని కంప్యూటర్‌కి కలిపే రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్. గది పది బై పన్నెండు, కింద టైల్స్, పైన స్లాబ్, ఒక మంచం, ఒక బీరువా. మైక్‌ని సౌండ్ హోల్‌కి ఎదురుగా బెత్తెడు దూరంలో పెడుతున్నా, సౌండ్ వచ్చేది అక్కడి నుంచే కదా అని. షాపులో అడిగితే చిన్న డయాఫ్రమ్ కండెన్సర్లు జత తీసుకో, గిటార్‌కి అవే కరెక్ట్ అన్నారు. కొనడానికి రెడీగానే ఉన్నా, కానీ అంత పెట్టి కొన్నాక కూడా ఇదే మోత వస్తే ఇంట్లో నాకు మోగుతుంది. ఏం చేయమంటారు?

కరీంనగర్_మిక్సర్:

తమ్ముడూ, పైసలు జేబులోనే ఉంచు, ముందు మైక్ అక్కడి నుంచి తియ్.

సౌండ్ వచ్చేది హోల్ నుంచే అన్నది సగమే నిజం. హోల్ నుంచి ఎక్కువగా వచ్చేది లోపలి గాలి ఊపు, అంటే బేస్. గిటార్ అసలు గొంతు పై చెక్క మొత్తం నుంచి వస్తుంది, తీగల మెరుపు మెడ వైపు బాగా వినిపిస్తుంది, బ్రిడ్జ్ (తీగలు బాడీకి బిగించి ఉండే పట్టీ) వెనక చెక్క వాసన తగిలే మిడ్, అంటే మధ్య స్వరాలు, ఉంటుంది. దానికి తోడు కార్డియాయిడ్ మైక్ ఏదైనా సరే, దగ్గరికి పోయేకొద్దీ బేస్ పెంచి చూపిస్తుంది, దీన్నే ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు. అంటే బూమ్ ఎక్కువున్న చోటుకి ఎదురుగా, బూమ్‌ని ఇంకా పెంచే దూరంలో పెట్టావు. లక్ష రూపాయల మైక్ తెచ్చి అక్కడ పెట్టినా ఇదే కథ.

మెడ బాడీకి కలిసే చోటు ఉంది చూడు, దాని దగ్గర్లో పన్నెండో ఫ్రెట్‌కి ఎదురుగా మైక్ పెట్టు. మూతి కొంచెం బాడీ వైపు తిప్పు, కానీ సూటిగా హోల్‌లోకి చూడకూడదు. జానెడు దూరం నుంచి మొదలుపెట్టి మూరెడు దాకా వెళ్లొచ్చు. దగ్గరగా ఉంటే వేళ్ల చప్పుడు, ఊపిరి చప్పుడు కూడా వస్తుంది, దూరం పోతే గది వస్తుంది. దూరం రెట్టింపు చేస్తే గిటార్ నుంచి నేరుగా వచ్చే సౌండ్ 6 డెసిబెల్స్ పడిపోతుంది, గోడల నుంచి తిరిగొచ్చేది మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. నీ టైల్స్ గదిలో అది పెద్ద అందంగా ఏమీ ఉండదు కాబట్టి నేనైతే జానెడున్నర దగ్గర ఆగిపోతా.

ఇప్పుడు అసలు పని. నీ దోస్తుకి నాలుగు కార్డులు వస్తే గిటార్ అతని చేతికిచ్చి, నువ్వు హెడ్‌ఫోన్ పెట్టుకుని స్టాండుని మెల్లగా జరుపుతూ విను. రెండంగుళాలకే సౌండ్ ఎంత మారుతుందో నీ చెవులకే తెలుస్తుంది. అతనికి రాకపోతే నువ్వే ఒకే నాలుగు బార్లు ఒక్కో చోట మైక్ పెట్టి వాయించు, ప్రతిసారీ ముందు "పన్నెండో ఫ్రెట్, జానెడు" అని నోటితో చెప్పి మొదలుపెట్టు, లేకపోతే తర్వాత ఏది ఎక్కడిదో గుర్తుండదు. వినేటప్పుడు అన్ని టేకుల వాల్యూమ్ సమానం చెయ్. గట్టిగా వినిపించేదే బాగుందనిపిస్తుంది, ఆ మాయలో చాలామంది పడతారు. ఇంకో చోటు కూడా ప్రయత్నించు: నీ కుడి చెవి పక్క నుంచి, భుజం మీదుగా కిందికి గిటార్ వైపు చూసేలా. వాయిస్తుంటే హాయిగా ఉంది అన్నావు కదా, నువ్వు వింటున్నది దాదాపు అక్కడి నుంచే.

చిన్న డయాఫ్రమ్ గురించి షాపువాళ్లు చెప్పింది అబద్ధం కాదు. పిక్ తీగకి తగిలే ఆ మొదటి దెబ్బని అవి శుభ్రంగా పట్టుకుంటాయి, పక్కల నుంచి వచ్చే సౌండ్ రంగు పెద్దగా మార్చవు. పెద్ద డయాఫ్రమ్ కొంచెం లావుగా వినిపిస్తుంది. కానీ ఆ తేడా కన్నా మైక్ నాలుగంగుళాలు జరిపితే వచ్చే తేడా పెద్దది. తీగలు ఎప్పుడు మార్చావు? చచ్చిపోయిన తీగల్ని ఏ మైకూ లేపలేదు.

కాజీపేట_లోకో:

అన్న చెప్పిన చోటు విషయం సరే, మైక్ సంగతి మాత్రం నేను ఒప్పుకోను. నేను చర్చిలో వాయిస్తా, పాటలు ఇంట్లోనే రికార్డు చేస్తా, స్టేషన్ మాకు కూతవేటు దూరం. కండెన్సర్ పెట్టిన రోజుల్లో గూడ్స్ బండి హారన్, పక్కింటి మిక్సీ, కుక్కర్ విజిల్ అన్నీ నా పాటలో గెస్ట్ ఆర్టిస్టులే. ఎస్‌ఎం 57కి (షూర్ కంపెనీ డైనమిక్ మైక్) మారాక ప్రాణం హాయిగా ఉంది. 1965లో వచ్చిన మైక్, ఇప్పటికీ ప్రతి స్టేజీ మీదా కనిపిస్తుంది, ఫాంటమ్ పవర్ (కండెన్సర్‌కి ఇంటర్‌ఫేస్ నుంచి ఇచ్చే కరెంటు) అక్కర్లేదు, కింద పడ్డా ఏం కాదు. డైనమిక్ మైక్ బయటి శబ్దం తీసుకోదు, అంతే. నయీంనగర్ ట్రాఫిక్‌లో కండెన్సర్‌తో ఏం చేస్తావు తమ్మీ, డైనమిక్ తీసుకో.

వేయిస్తంభాల_వీణ:

లోకో గారూ, మీ ఇంట్లో 57 పని చేసిందంటే నమ్ముతాను, కానీ మీరు చెప్పిన కారణం వల్ల కాదు. మైక్‌కి ఏది గిటారో ఏది కుక్కరో తెలియదు. ఒక డైనమిక్, ఒక కండెన్సర్, రెండూ కార్డియాయిడ్‌వే తీసుకుని ఒకే చోట ఒకే దూరంలో పెట్టండి, గిటార్ లెవెల్ రెండింటిలోనూ సమానం చేయండి, కుక్కర్ కూడా రెండింటిలోనూ దాదాపు సమానంగానే కూస్తుంది. డైనమిక్‌కి సిగ్నల్ తక్కువ కాబట్టి మనం దాన్ని దగ్గరికి లాక్కుంటాం, గెయిన్ తక్కువ పెడతాం, ఆ దగ్గరితనమే మీ హారన్‌ని తగ్గించింది. పైగా వేళ్లతో మెత్తగా వాయించేవాళ్లు 57 పెడితే గెయిన్ బాగా పెంచాల్సి వస్తుంది, అప్పుడు హారన్ పోయి ప్రీఆంప్ (మైక్ సిగ్నల్ పెంచే భాగం) హిస్ వచ్చి కూర్చుంటుంది. డప్పు పక్కన గట్టిగా స్ట్రమ్ చేసేవాళ్లకి మాత్రం అది మంచి మైకే. దానికి 5, 6 కిలోహెర్ట్జ్ దగ్గర కొంచెం ఎత్తు ఉంటుంది, పిక్ చప్పుడు గుంపులోంచి బయటికి వినిపిస్తుంది.

బొడ్రాయి తమ్ముడికి, జీ కార్డే ఎందుకు మోగుతోందో చెప్తాను, అది తెలిస్తే సగం పని అయినట్టే. గిటార్ డొల్లలో ఉన్న గాలికి సొంత శ్రుతి ఒకటి ఉంటుంది, ఖాళీ సీసా మూతి మీద ఊదితే మోగేది కూడా ఇదే సూత్రం మీద. డ్రెడ్‌నాట్‌కి అది సుమారు 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. నువ్వు జీ కార్డ్‌లో ఆరో తీగ మూడో ఫ్రెట్ నొక్కుతావు, ఆ స్వరం 98 హెర్ట్జ్. అంటే సరిగ్గా దాని నెత్తి మీద. సీ కార్డ్ కింది స్వరం 131, డీది 147, అవి దూరంగా ఉన్నాయి కాబట్టి తప్పించుకుంటున్నాయి. గిటార్‌లో లోపం ఏమీ లేదు, ప్రతి డ్రెడ్‌నాట్‌లో కొంతైనా ఉండేదే. బేస్ అంతా కోసేయకుండా 100 చుట్టుపక్కల మాత్రమే సన్నగా మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గిస్తే చాలు, అది కూడా మైక్ జరిపాక ఇంకా అవసరం అనిపిస్తేనే.

ఇక గది. పన్నెండడుగుల గోడల మధ్య శబ్దం నిలబడిపోయే పౌనఃపున్యాలు సుమారు 47, దాని రెట్టింపు 94. పదడుగుల వైపు 56, 112. ఈ 94, 112 రెండూ గది నడిమధ్యలో బాగా బలంగా ఉంటాయి. నువ్వు కుర్చీ ఎక్కడ వేసుకున్నావో చెప్పలేదు కానీ, ఫ్యాన్ కిందే అయ్యుంటుందని నా అనుమానం! అక్కడ కూర్చుంటే గిటార్ 98 దగ్గర మోగుతుంది, గది 94 దగ్గర దానికి తాళం వేస్తుంది. మూలకి కూడా పోవద్దు, అక్కడ అన్నీ పెరుగుతాయి. గోడ నుంచి గది పొడవులో పావు వంతుకీ మూడో వంతుకీ మధ్యలో ఎక్కడైనా కూర్చో.

కింద టైల్స్ మీద దర్రీ వెయ్యి. వరంగల్ దర్రీలకి 2018లో జీఐ గుర్తింపు వచ్చింది, కొత్తవాడ దర్రీ ఒకటి మీ ఇంట్లో పెట్టెలో మడతపెట్టి ఉండకపోతే ఆశ్చర్యమే. అయితే పల్చటి బట్ట పైపై కీచుదనాన్నే తగ్గిస్తుంది, బూమ్ జోలికి పోదు. నాలుగంగుళాల పత్తి పరుపు గట్టిగా పనిచేసేది కూడా బూమ్ కన్నా పై స్వరాల మీదే, గోడకి కొంచెం ఎడంగా నిలబెడితే ఇంకాస్త కిందికి దిగుతుంది. పరుపుని మైక్ వెనక పెట్టేవాళ్లే ఎక్కువ. కార్డియాయిడ్ చూసేది నీ వైపు కదా, కాబట్టి నీ వీపు వెనక గోడకి నిలబెట్టు. కోడిగుడ్ల అట్టలు అంటించమని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకో. మైక్ వీపు కిటికీ వైపు ఉండేలా చూసుకో, అది తక్కువ వినేది వెనక వైపే. ఫ్యాన్ ఆపక తప్పదు, ఏప్రిల్‌లో అయినా సరే. ఆ బీరువా కూడా ఒకసారి చూడు, ఇనుప తలుపులు కింది స్వరాలకి వణుకుతాయి.

రామప్ప_రిఫ్:

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నాది ఎలక్ట్రిక్, పది వాట్ల కాంబో ఆంప్, 57 ఉంది. గ్రిల్‌కి ఆనించి స్పీకర్ నడిమధ్యలో పెట్టా, డిస్టార్షన్ పెడితే చెవులు కోసేస్తోంది. ఎదురుగా నిలబడి వింటే అలా లేదు. వీణ అక్క చెప్పిన లెక్కలు దీనికీ పనికొస్తాయా?

కరీంనగర్_మిక్సర్:

దీనికి లెక్కలకన్నా టార్చ్ లైట్ ఎక్కువ పనికొస్తుంది. ఫోన్ టార్చ్ గ్రిల్ బట్ట మీద వేసి చూడు, లోపల స్పీకర్ మధ్యలో గుండ్రటి టోపీ కనిపిస్తుంది. దాని నడిమధ్యకి ఎదురుగా ఉంటే అత్యంత పదును, కోన్ అంచు వైపు పోయేకొద్దీ మెత్తబడుతుంది. టోపీ అంచు కోన్‌కి కలిసే గీత దగ్గర మొదలుపెట్టి అర అంగుళం, అర అంగుళం బయటికి జరుపు. నచ్చిన చోట గ్రిల్ మీద చిన్న టేపు ముక్క అంటించు, మళ్లీ వారం అక్కడే పెట్టుకోవచ్చు. మైక్ కొంచెం వంకరగా తిప్పినా పదును తగ్గుతుంది. నిలబడి వింటే అలా లేదు అంటున్నావు, నిజమే, ఆంప్ నేల మీద ఉంది, నీ చెవులు నాలుగైదడుగుల పైన ఉన్నాయి, స్పీకర్ పదునంతా నీ మోకాళ్లకి తగులుతోంది. వంగి స్పీకర్‌కి ఎదురుగా విను (వాల్యూమ్ తగ్గించుకునే), మైక్‌కి వినిపించేది అదే. ఆంప్‌ని కుర్చీ మీదకి ఎక్కించు, నేల వల్ల వచ్చే బేస్ మోత కూడా తగ్గుతుంది. డిస్టార్షన్ నువ్వు అనుకున్నదానికన్నా తక్కువ పెట్టు, రికార్డులో అది ఎక్కువే అనిపిస్తుంది.

రిబ్బన్ మైకులు ఈ పదునుని సహజంగానే మెత్తగా చూపిస్తాయి, అందుకే పెద్ద స్టూడియోల్లో 57 పక్కన ఒక రిబ్బన్ కూడా పెడతారు. కానీ పాత రకం రిబ్బన్‌కి పొరపాటున ఫాంటమ్ పవర్ తగిలితే పాడయ్యే ప్రమాదం ఉంది, ఎవరి దగ్గరైనా అరువు తెస్తే ముందు 48 వోల్టుల బటన్ ఆపి ఉందో లేదో చూసుకో.

బొడ్రాయి_బీట్స్:

వీణ అక్కా, ఫ్యాన్ కిందే కూర్చున్నా, మీకెలా తెలిసింది! కుర్చీ కిటికీ వైపు జరిపి, మైక్ పన్నెండో ఫ్రెట్ దగ్గర జానెడున్నరలో పెట్టా. జీ కార్డ్ ఇప్పుడు మిగతా వాటితో పాటే ఉంది, ఈక్యూ ముట్టుకోలేదు. బీరువా తలుపు కాదు వణికేది, దాని హ్యాండిల్‌కి వేలాడే తాళాల గుత్తి. జీ పడితే సన్నగా గలగల. ఇన్ని రోజులు అది గిటార్ ఫ్రెట్ బజ్ అనుకుని రిపేరుకి ఇద్దామనుకున్నా. భుజం మీది చోటు కూడా బాగుంది మిక్సర్ అన్నా, కానీ నా ముక్కు చప్పుడు వస్తోంది, జలుబు తగ్గాక చూస్తా.

ఇంకో ప్రశ్న. దోస్తు దగ్గర్నుంచి ఇంకో కండెన్సర్ తెచ్చి రెండోది బ్రిడ్జ్ వెనక పెట్టా, ఒకటి ఎడమకి ఒకటి కుడికి ప్యాన్ చేశా. హెడ్‌ఫోన్‌లో మస్తు వెడల్పుగా ఉంది. అదే ఫోన్ స్పీకర్‌లో వింటే గిటార్ ఎండిపోయినట్టు, లోపల ఏదో ఖాళీ అయినట్టు ఉంది. మా వీడియోలు చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు. ఒక మైక్ మ్యూట్ చేస్తే మళ్లీ బాగుంటుంది. రెండు మైకులు పెడితే సౌండ్ పెరగాలి గానీ తగ్గడమేంటి?

వేయిస్తంభాల_వీణ:

ఫేజ్. శబ్దం ఒక మిల్లీసెకనుకి సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. ఒక తీగ చప్పుడు మొదటి మైక్‌కి చేరాక రెండోదానికి ఇంకో 17 సెంటీమీటర్లు ప్రయాణం చేయాలనుకో, అర మిల్లీసెకను ఆలస్యం. రెండింటినీ కలిపితే 1000 హెర్ట్జ్ దగ్గర ఒకటి పైకి పోతుంటే ఇంకోటి కిందికి పోతుంటుంది, రెండూ కొట్టుకుపోతాయి. అక్కడితో ఆగదు, 3000, 5000 ఇలా వరసగా గుంతలు పడతాయి. హెడ్‌ఫోన్‌లో ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి వేరువేరుగా పోతున్నాయి కాబట్టి కొట్టుకోవు. ఒకే స్పీకర్ ఉన్న ఫోన్‌లో రెండూ కలిసిపోతాయి, అక్కడ బయటపడుతుంది. రికార్డు చేసేముందే సాఫ్ట్‌వేర్‌లో మోనో బటన్ నొక్కి వినడం అలవాటు చేసుకో, మోనోలో నిండుగా ఉండే దాకా రెండో మైక్ జరుపు. పోలారిటీ తిప్పే (ఒక మైక్ సిగ్నల్‌ని తలకిందులు చేసే) బటన్ కూడా నొక్కి చూడు, నిండుగా ఉన్నది ఉంచుకో, కాకపోతే అది ఆలస్యాన్ని సరిచేయదు, గుంతల చోటు మారుస్తుంది అంతే.

ఈ గొడవ వద్దనుకుంటే ఎక్స్‌వై పెట్టు: రెండు మైకుల తలలు ఒకదాని మీద ఒకటి, 90 డిగ్రీల కోణంలో. తలలు ఒకే చోట ఉంటాయి కాబట్టి ఆలస్యం దాదాపు ఉండదు. వెడల్పు కొంచెం తగ్గుతుంది, ఫోన్‌లో మాత్రం దెబ్బతినదు. రెండు మైకులు ఒకే మోడల్‌వి అయితేనే కుదురుగా వస్తుంది, నీది, మీ దోస్తుది వేరువేరు అయితే బొమ్మ ఒక పక్కకి లాగుతుంది.

కరీంనగర్_మిక్సర్:

అక్క చెప్పిందంతా కరెక్టే, కానీ తమ్ముడూ, నీ పాటలో డప్పు ఉంది, గొంతు ఉంది, కోరస్ కూడా ఉంటుంది. అందులో స్టీరియో గిటార్‌కి జాగా ఎక్కడిది? మధ్యలో గొంతు, డప్పు కూర్చున్నాక గిటార్‌కి పక్కలే మిగులుతాయి. ఒక్క మైక్‌తోనే అదే వాయింపు రెండుసార్లు రికార్డు చెయ్, ఒకటి ఎడమ, ఒకటి కుడి. మనిషి రెండుసార్లు ఒకేలా వాయించలేడు కాబట్టి అలా వరస గుంతలు పడవు, వెడల్పు నిజంగానే వస్తుంది. రెండోసారి కాపో (మెడ మీద తీగలన్నీ నొక్కి పట్టే క్లిప్) పెట్టి వేరే షేపుల్లో వాయిస్తే ఇంకా బాగుంటుంది. మొత్తం మిక్స్‌లో గిటార్‌కి 120 హెర్ట్జ్ దాకా లో కట్ పెట్టినా (అంటే అంతకన్నా కింది బేస్ కోసేసినా) ఎవరూ గుర్తుపట్టరు, ఆ జాగా డప్పుది. గిటార్ సోలోగా పెట్టుకుని వింటూ ఈక్యూ తిప్పకు, పాటంతా మోగుతుండగా తిప్పు.

కాజీపేట_లోకో:

వీణ గారూ, రెండు మైకులు పక్కపక్కన పెట్టి చూశా. మీరన్నట్టే హారన్ రెండింటిలోనూ వచ్చింది, ఒప్పుకున్నా. అయినా 57 వదలను, కింద పడ్డా బతికేది అదొక్కటే. సరే గానీ, మా దగ్గర పాడుతూ వాయించేవాళ్లే ఎక్కువ, విడివిడిగా చేద్దామంటే ఆ ఫీల్ రాదంటారు. గొంతుకి ఒకటి గిటార్‌కి ఒకటి పెడితే రెండింటిలోనూ రెండూ వస్తున్నాయి, గొంతు పెంచితే గిటార్ రంగు మారుతోంది.

వేయిస్తంభాల_వీణ:

ఫిగర్ 8 మైక్ దొరికితే అదే మందు. అది ముందూ వెనకా వింటుంది, పక్కల నుంచి వచ్చేది దాదాపు వినదు. గొంతు మైక్‌ని చెవిటి పక్క గిటార్ వైపు ఉండేలా వంచాలి, గిటార్ మైక్ చెవిటి పక్క నోటి వైపు. రెండు మూడు వేళ్ల తేడాకే ఫలితం మారుతుంది కాబట్టి హెడ్‌ఫోన్‌తో ఓపిగ్గా వెతకాలి. అది లేకపోతే రెండు మైకుల పంచాయితీ మానేసి ఒక్క కండెన్సర్‌ని ఛాతీ ఎత్తులో, మూరెడున్నర దూరంలో పెట్టండి. గొంతు తక్కువైతే స్టాండు కొంచెం లేపండి, గిటార్ తక్కువైతే దించండి. తర్వాత మిక్స్‌లో విడదీయడం కుదరదు, అందుకే బ్యాలెన్స్ కుదిరిందని పాడేవాళ్లు కూడా విని సరే అన్నాకే టేక్ మొదలుపెట్టండి.